మా కుంకుమపువ్వు ఈ ఊరిది కాదు

ఇంగ్లండ్‌లోని సాఫ్రన్ వాల్డెన్ ఊళ్ళో శనివారం సంతలో మా పచ్చళ్ళ స్టాల్‌కు వచ్చేవాళ్ళకూ, కేంబ్రిడ్జ్ నుంచి వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టేవాళ్ళకూ ఒక సంగతి చెప్పాలి. రెండు నెలలుగా మేం అమ్ముతున్న డబ్బీల మీద 'సాఫ్రన్ వాల్డెన్ కుంకుమపువ్వు' అని ఉంది. అది ఇక్కడ పండింది కాదు, స్పెయిన్ సరుకు. లేబుల్ రాసింది నేనే. సాఫ్రన్ అంటేనే కుంకుమపువ్వు కదా, ఊరి పేరు వేస్తే బాగా పోతుందని వేశాను. పోయింది కూడా.

పోయిన వారం గుంటూరు వైపు నుంచి కూతురింటికి వచ్చిన మిర్చి రైతు ఒకాయన మా స్టాల్ దగ్గర ఆగారు. డబ్బీ అటూ ఇటూ తిప్పి, "తోట ఎక్కడమ్మా? ఒకసారి చూసిపోతాం" అన్నారు.

"ఇప్పుడు లేదండీ బాబాయిగారూ, ఒకప్పుడు ఉండేది."

"మరి ఇందులో ఉన్నది ఎప్పటి పంట?"

నాకు నోట మాట రాలేదు. ఆయన ఆవకాయ రెండు సీసాలు తీసుకున్నారు, కుంకుమపువ్వు మాత్రం ముట్టుకోలేదు.

ఒకప్పుడు తోటలు ఉన్నమాట నిజమే. ఈ ఊరి పాత పేరు చిప్పింగ్ వాల్డెన్. చిప్పింగ్ అంటే పాత ఇంగ్లీషులో సంత. ఇక్కడ సంత 1141 నుంచీ ఉంది, ఇప్పటికీ మంగళవారం, శనివారం జరుగుతుంది. 1500ల్లో, 1600ల్లో చుట్టుపక్కల కుంకుమపువ్వు ఎంత పండిందంటే, ఊరి పేరులో సంత పోయి పువ్వు వచ్చి కూర్చుంది. బట్టలకు రంగు, మందులు, వంట, అన్నిటికీ అదే. పువ్వును తెల్లారగట్లే కోసి, లోపలున్న మూడు ఎర్రటి పోగులు గిల్లి ఆరబెట్టాలి. ఒక గ్రాముకు సుమారు 150 పూలు కావాలి. మా డబ్బీలో ఉండేది సరిగ్గా ఒక గ్రాము. 1700ల చివరికి ఆ సాగు పోయింది. చాకిరీ ఎక్కువ, బయటి నుంచి వచ్చే సరుకు చవక. (అప్పటికీ నాలాంటి వ్యాపారులు ఉన్నారన్నమాట.) తర్వాత ఊరిని పోషించింది బార్లీ మాల్టు, అంటే బీరు తయారీకి మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ.

పువ్వు పోయినా గుర్తులు పోలేదు. సెయింట్ మేరీ చర్చిలో రాతి మీద ఆ పువ్వు చెక్కి ఉంటుంది. ఆ చర్చి శిఖరం 193 అడుగులు, 1832లో కట్టారు. నేను స్టాల్ సర్దుకుంటూ టైమ్ చూసుకునేది దాని గడియారం గంటలు విని. ఊరి చిహ్నంలో కోట గోడల మధ్య మూడు పూలుంటాయి. 'సాఫ్రన్ వాల్డ్ ఇన్', అంటే గోడల మధ్య కుంకుమపువ్వు అని శ్లేష. మన అవధానులకు నచ్చే సరుకు.

పిల్లలతో వస్తే కామన్ మైదానంలో పచ్చిక చక్రవ్యూహం చూపించండి. ఇంగ్లండ్‌లో మిగిలిన వాటిలో అదే పెద్దది. దారి దాదాపు ఒక మైలు, సగంలో వదిలేస్తామంటే మా వాడు ఒప్పుకోడు. చర్చి దగ్గరే ఓల్డ్ సన్ ఇన్ గోడ మీద 1676 నాటి సున్నపు బొమ్మలున్నాయి. ఊరి పక్కనే ఉన్న ఆడ్లీ ఎండ్ అనే పాత ప్రభువుల భవనం చూడ్డానికి మాత్రం ఒక పూట పడుతుంది, టికెట్ కూడా.

ఇక డబ్బుల సంగతి. పాత లేబుల్ డబ్బీ కొన్నవాళ్ళు వాడేసినా సరే, వచ్చి అడగండి, మొత్తం తిరిగిచ్చేస్తాను. ఈ శనివారం నుంచి 'స్పెయిన్‌లో పండింది' అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఊరి పేరు చూసుకుని పెంచిన ఒక పౌండు తగ్గించాను. సున్నుండలు ఈ వారం లేవు, నెయ్యి అయిపోయింది.

ఆ బాబాయిగారు ఇంకా మూడు వారాలు ఇక్కడే ఉంటారట. కొత్త డబ్బీ ముందు ఆయనకే చూపిస్తాను.