ఫొటో తీసినవాళ్లను కత్తిరించకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ విశాఖ పేజీలో పాత ఫొటోలు వేస్తున్నారు, బాగున్నాయి, ఇంట్లో అందరం చూస్తున్నాం. కానీ ఒక గొడవ ఉంది. వాటిలో కొన్నింట్లో ఓ మూల ముక్కాలి స్టాండు మీద కెమెరా, వెనక నల్లగుడ్డలో తల దూర్చిన మనిషి సగం కనిపించి సగం తెగిపోతున్నారు. పేజీలో పట్టించడానికి అంచులు కోస్తారని తెలుసు, అయినా నా కళ్లు ముందు అక్కడికే పోతాయండీ. ఫొటోలో కెమెరా ఉందంటే దాన్ని తీసిన రెండో కెమెరా ఇంకోటి ఉండాలి, లేదా ఎదురుగా అద్దమైనా ఉండాలి కదా, మరి ఆ రెండోవాడెవడు?

1855లో క్రిమియా యుద్ధాన్ని ఫొటోలు తీయడానికి బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ రోజర్ ఫెంటన్ 5 కెమెరాలు, 700 గాజు పలకలు పట్టుకుని, ఓ వైన్ వ్యాపారి బండిని డార్క్‌రూమ్‌గా మార్చుకుని వెళ్లాడు. అప్పట్లో మందు పూసిన పలక తడి ఆరకముందే ఫొటో తీసి కడిగేయాలి, అందుకే చీకటి గదిని కూడా వెంట ఈడ్చుకెళ్లక తప్పేది కాదు. ఆ బండి మీద అసిస్టెంట్ మార్కస్ స్పార్లింగ్ కూర్చున్న ఫొటో ఒకటి ఉంది, దాన్ని చూస్తేగానీ వాళ్లు పడ్డ పాట్లు అర్థం కావు. 1867లో అమెరికాలోని నెవాడా ఎడారిలో ఫొటోగ్రాఫర్ తిమోతీ ఓసలివన్ తీసిన ఫొటో ఇంకా నచ్చుతుంది నాకు. ఇసుకలో కంచరగాడిదల బండి, అక్కణ్నుంచి కెమెరా దాకా అడుగుజాడలు. అంచు కోస్తే ముందు పోయేవి ఆ అడుగులే.

మన దేశంలో త్రిపుర మహారాజు బీర్‌చంద్ర మాణిక్య 1880 ప్రాంతంలోనే రాణి మనమోహినితో తన ఫొటో తనే తీసుకున్నాడు, షట్టర్ నొక్కే లివర్ చేతిలోనే కనిపిస్తుంది. ఆర్కే బీచ్‌లో సెల్ఫీ స్టిక్‌లు పట్టుకు తిరిగే మన పిల్లలకి చెబితే నమ్మరు!

అందుకని కాస్త చోటెక్కువైనా ఫొటో మొత్తం వేయండి. కింద "పాత విశాఖ దృశ్యం" అని సరిపెట్టకుండా, తెలిస్తే ఎవరు తీశారో కూడా రాయండి. వన్‌టౌన్ వైపు పాత ఇళ్లలో అట్టకు అతికించిన ఫొటోలు ఇంకా ఉండే ఉంటాయి. వాటిని పంపమని పాఠకుల్ని అడిగేటప్పుడు వెనక వైపు కూడా స్కాన్ చేయమనండి, స్టూడియో పేరు చాలాసార్లు అక్కడే ఉంటుంది.

- ఒక పాఠకుడు, మహారాణిపేట, విశాఖపట్నం