మావయ్య కారు అమ్మే ముందు ఇది చదువు

ఒరేయ్ బావా,

నువ్వు మొన్న ఫోన్లో చెప్పినప్పటి నుంచి నాకు అదే ధ్యాస. మావయ్య అంబాసిడర్ కారుని పాత ఇనుము వాడికి అమ్మేస్తానంటావేంట్రా? పైగా కిలోల లెక్కన తూస్తాడట. సరే, నీ పాక, నీ కారు, వర్షానికి ఆ పాక కూలేలా ఉందన్నావు, అదీ నిజమే. కానీ ఆదివారం నేనొక చోటికి వెళ్ళొచ్చాను, ఆ కబురు మొత్తం విన్నాక నీ ఇష్టం. ఫోన్లో చెప్తే సగంలో "ఉండ్రా, ఎవరో వచ్చారు" అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా. టీ పెట్టుకుని చదువు, చాలా ఉంది.

ఇక్కడ ఇంగ్లండ్‌లో కోవెంట్రీ నుంచి అరగంట దారిలో గేడన్ అని చిన్న ఊరు. అక్కడ బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఉంది. ఇక్కడికొచ్చి నాలుగేళ్ళయినా వెళ్ళలేదు, దగ్గర్లో ఉన్న గుడికి ఎప్పుడూ వెళ్ళం కదా, అలా అన్నమాట. నీ ఫోన్ వచ్చాకే, అంబాసిడర్‌కి తాతలాంటి కారు ఏదైనా అక్కడ ఉంటుందేమో చూసొద్దాం అనిపించింది. మీ చెల్లెలు పులిహోర కలిపింది, చిన్నది మాత్రం "కార్లు రోడ్డు మీద ఉంటాయిగా, టికెట్టెందుకు" అని సణుగుతూనే ఎక్కింది. చివర్లో నేనొక మలుపు ముందే తిరిగి ఎవరిదో ఆఫీసు గేటు ముందు తేలాను, అక్కడి సెక్యూరిటీ ఆయన నన్నడగను కూడా అడగలేదు, చెయ్యెత్తి వెనక్కి చూపించాడంతే. రోజూ ఎంతమంది వస్తారో పాపం.

ఒకప్పుడు అదంతా వైమానిక దళం వాళ్ళ చోటు. అణుబాంబులు మోసే వేలియంట్ విమానాల మొదటి దళాన్ని 1955లో అక్కడే పెట్టారు. ఇప్పుడు మ్యూజియం పక్కనే జాగ్వార్ ల్యాండ్ రోవర్ వాళ్ళ పెద్ద ఇంజనీరింగ్ కేంద్రం, ఆస్టన్ మార్టిన్ వాళ్ళూ ఆ ఊళ్ళోనే. జాగ్వార్, ల్యాండ్ రోవర్ రెండింటినీ 2008లో మన టాటా వాళ్ళు కొన్నారు కదా, ఈ చుట్టుపక్కల మనవాళ్ళు గట్టిగానే ఉన్నారులే. మ్యూజియం క్యాంటీన్ లైన్లో కూడా వెనకనుంచి "ఏవండీ, చిల్లరుందా" అని వినపడింది.

లోపల అడుగుపెట్టగానే నాకు ముందు తట్టింది ఏంటో తెలుసా, వాసన లేకపోవడం. అన్ని కార్లున్నా పెట్రోలు లేదు, గ్రీజు లేదు, నేల మీద ఒక్క చుక్క ఆయిల్ లేదు. అద్దంలా తుడిచి పెట్టారు. మావయ్య షెడ్డులో అయితే కళ్ళు మూసుకున్నా ఎక్కడున్నామో తెలిసేది.

మొదట ఒక మూడు చక్రాల బండి, 1896 నాటి ఉల్స్‌లీ. అది తయారుచేసిన హెర్బర్ట్ ఆస్టినే తర్వాత సొంత కంపెనీ పెట్టాడు. 1921కల్లా ఆ కంపెనీ అప్పుల్లో కూరుకుపోయి కోర్టువాళ్ళ చేతిలో పడింది. అప్పుడు ఆయన ఏం చేశాడంటే, ఎడ్జ్ అని పద్దెనిమిదేళ్ళ డ్రాయింగ్ కుర్రాణ్ణి ఇంటికి పిలిపించుకుని, బిలియర్డ్స్ ఆడే గదిలో కూర్చోబెట్టి చిన్న కారు బొమ్మలు గీయించాడు. అదే 1922లో వచ్చిన ఆస్టిన్ సెవెన్. ఆ కారు కంపెనీని నిలబెట్టింది. ఇంకో సంగతి, బీఎండబ్ల్యూ అని ఇప్పుడందరూ ఎగబడతారే, వాళ్ళ మొదటి కారు ఈ ఆస్టిన్ సెవెనే, లైసెన్సు మీద జర్మనీలో చేసిన కారు. మీ వీధి చివర రియల్ ఎస్టేటాయనకి చెప్పు, రాత్రికి నిద్రపట్టదు.

మారిస్ మైనర్ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 1948లో వచ్చిందిది. బానెట్ మధ్యలో పై నుంచి కిందికి వెడల్పాటి పట్టీ ఒకటి ఉబ్బెత్తుగా ఉంటుంది చూశావా, అందం కోసం అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. కాదట. ఇసిగోనిస్ అనే ఇంజనీరు కారు అంతా సిద్ధం చేశాక, మరీ సన్నగా ఉందని అనుమానం వచ్చి, నమూనా కారుని నిలువునా రెండు ముక్కలు కోయించి, ఎడం చేసుకుంటూ చూసి, నాలుగు అంగుళాల దగ్గర బాగుందన్నాడు. బిగుతైన జాకెట్టుకి టైలరు మధ్యలో ముక్కేసి కుట్టడంలా లేదూ? అప్పటికే బంపర్లు చేసి పెట్టేశారు, పారెయ్యలేక వాటినీ మధ్యకి కోసి, నాలుగంగుళాల రేకు ముక్క అతికించి వాడారు. కంపెనీ యజమాని లార్డ్ నఫీల్డ్‌కి అసలా కారే నచ్చలేదు, పెంకు తీసి ఉడికించిన గుడ్డులా ఉందన్నాడట. ఆ గుడ్డే బ్రిటన్‌లో పది లక్షలు దాటిన మొదటి కారు అయింది.

మినీ కూడా ఆ ఇసిగోనిస్ చేతిదే. 1956లో సూయెజ్ కాలవ గొడవతో ఇక్కడ పెట్రోలుకి రేషన్ పెట్టారు, తక్కువ తాగే చిన్న కారు కావాల్సి వచ్చింది, 1959కల్లా మినీ వచ్చేసింది. పొడవు పదడుగులు. ఇంజన్ని అడ్డంగా తిప్పి పెట్టాడు, గేర్‌బాక్సుని దాని కిందే ఆయిల్ తొట్టిలోకి దించేశాడు, అంటే ఇంజనుకీ గేర్లకీ ఒకటే ఆయిల్. చక్రాలు పదంగుళాలవి, మా చిన్నది పక్కన నిలబడి "నాన్నా, ఇది పిల్లల కారా?" అంది. మొదటి మినీ, 621 ఏఓకే నంబరుది, అక్కడే ఉంది. 2000 అక్టోబర్‌లో లాంగ్‌బ్రిడ్జ్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన ఆఖరి మినీ కూడా వీళ్ళ దగ్గరే ఉంది, ఎర్రది. రెండింటి మధ్యా మొత్తం 53,87,862 బళ్ళు. ఆ లెక్క రాసిన బోర్డు చదువుతుంటే మీ చెల్లెలు "మరి మనం కొన్నది ఎవరికీ లేని ఆ కంపెనీ కారేంటండీ" అంది, నేను వినపడనట్టు ముందుకెళ్ళిపోయాను.

ల్యాండ్ రోవర్లు, జాగ్వార్లు బోలెడు, అవన్నీ రాయను, ఫోటోలు పంపిస్తా. ఒక్కటి మాత్రం చెప్పాలి. ల్యాండ్ రోవర్ మొదటి బొమ్మని 1947లో మారిస్ విల్క్స్ అనే ఆయన సముద్రం ఒడ్డున ఇసుకలో గీశాడట. యుద్ధం అయ్యాక ఉక్కు దొరక్క బాడీకి అల్యూమినియం వాడారు. లేక చేసిన పని, అదే తర్వాత గొప్పయింది, తుప్పు పట్టదని. ఇంకా నీటిబొట్టు ఆకారంలో ఒక ఎంజీ ఉంది, నడుమెత్తుంటుందేమో, 1957లో రేసుల డ్రైవరు స్టిర్లింగ్ మాస్ దాన్ని గంటకి 245 మైళ్ళ వేగంతో తోలాడు. అందులో మనిషి కూర్చోడు, దాదాపు పడుకుంటాడు.

ఇంతా తిరిగాను కానీ నేను వచ్చిన పని కాలేదు బావా. మన అంబాసిడర్ అసలు రూపం మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. దానికోసం రెండు అంతస్తులూ, పక్కన ఇంకో భవనంలో ఒకదాని పక్కన ఒకటి ఇరికించి పెట్టిన కార్లూ చూశా, నా కంటికైతే ఆనలేదు. కాళ్ళు పీకుతున్నాయి, చిన్నదానికి ఆకలి, సరే అని బయటికొచ్చాం.

బయట గడ్డిలో పాత కార్ల క్లబ్బు వాళ్ళు ఓ పాతిక మంది సొంత కార్లు తెచ్చి వరసగా నిలబెట్టుకున్నారు. మడత కుర్చీలు, ఫ్లాస్కులు, కుక్కపిల్లలు. మేము పులిహోర విప్పుకోడానికి చోటు వెతుకుతుంటే, వరస చివర లేత ఆకుపచ్చ కారు, వెనక్కి తిరిగి ఉంది. డిక్కీ చూడగానే గుండె ఝల్లుమంది. అదేరా! ఆ గుండ్రటి వీపు, ఆ చిన్న తోక రెక్కలు. నేను డబ్బా మీ చెల్లెలి చేతిలో పెట్టేసి పరుగు లాంటి నడక.

పెద్దాయనకి ఎనభై దగ్గరుంటాయి. మా ఊళ్ళో ఈ కారే తిరిగేది, మా మావయ్య తెనాలి స్టేషన్ దగ్గర దీన్నే ట్యాక్సీ తోలేవాడు అన్నా. ఆయన మాటల్లేకుండా బానెట్ ఎత్తాడు. బావా, అదే ఇంజను. 1489 సీసీ. మావయ్య పక్కన నిలబడి టార్చిలైటు పట్టుకున్నప్పుడు చూసిన ఇంజనే. కింద ఆయన పాత బేకింగ్ ట్రే ఒకటి పెట్టుకున్నాడు, ఆయిల్ చుక్కలు గడ్డి మీద పడకుండా. మావయ్య ఇసక పోసేవాడు, ఈయన ట్రే పెట్టాడు, కారే చోటు మాత్రం అదే. అప్పుడు వచ్చింది నాకు వాసన.

బానెట్ ముందు బిళ్ళ మీద నీళ్ళ గీతల్లోంచి నడుస్తున్న ఎర్ర ఎద్దు. ఆక్స్‌ఫర్డ్ అంటే ఎద్దులు ఏరు దాటే రేవు అని అర్థమట, మన లెక్కలో ఎడ్లరేవు. ఈ కారు ఇక్కడ 1956 నుంచి 1959 దాకా, మూడేళ్ళే తయారైంది. మన దగ్గర కలకత్తా పక్కన ఉత్తరపారాలో 1957లో మొదలుపెట్టి 2014 దాకా చేస్తూనే ఉన్నారు. పెద్దాయనకి ఇదంతా తెలుసు. "మేము మర్చిపోయిన కారుని మీరు అన్నేళ్ళు తోలారు" అన్నాడు, అందులో వెటకారమేమీ లేదు.

తర్వాత ఒక తమాషా. స్టెప్నీ ఎక్కడ పెట్టారు అని అడిగా. ఆయన ముఖం చూస్తున్నాడు. మళ్ళీ అడిగా. చక్రం చూపిస్తే "ఓ, స్పేర్ వీలా!" అని, ఒక్క నిమిషం ఆలోచించి పడీ పడీ నవ్వాడు. స్టెప్నీ అన్నది వేల్స్‌లో లనెల్లీ ఊళ్ళో ఒక వీధి పేరట. 1904లో ఆ వీధిలో డేవీస్ అన్నదమ్ములు అదనపు చక్రం చేసి అమ్మడం మొదలుపెట్టారు, దాని పేరు స్టెప్నీ చక్రం. ఇక్కడ ఆ మాట చచ్చిపోయి ఎన్నాళ్ళయిందో, మనం మాత్రం పంక్చర్ షాపులో రోజూ అంటున్నాం. డిక్కీ కూడా అంతే, పాత కార్ల వెనక మడిచి తెరిచే సీటుని వీళ్ళు అలా అనేవాళ్ళు. కారే కాదు, దాని మాటలు కూడా మన దగ్గరే మిగిలాయన్నమాట.

నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోమన్నాడు. పొడుగు సీటు, స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు. చెయ్యి దానంతట అదే రెండో గేరు వెతుక్కుంది, నువ్వూ నేనూ మావయ్య లేనప్పుడు షెడ్డులో కూర్చుని వేసేవాళ్ళం కదా. నేను ఆయనకి కోటప్పకొండ సంగతి చెప్పా, ఎండల్లో తొమ్మిది మందితో వెళ్తూ నరసరావుపేట దాటాక బండి ఆగిపోతే, మావయ్య భుజం మీది తువ్వాలు తడిపి ఫ్యూయల్ పంపుకి చుట్టి, పది నిమిషాలు బీడీ కాల్చుకుని, మళ్ళీ ఒక్క సెల్ఫ్‌కి స్టార్ట్ చేశాడే, అది. వేడికి పైపులో పెట్రోలు ఆవిరై అడ్డం పడితే చల్లబడేదాకా ఆగాల్సిందే కదా. ఆయన ఆశ్చర్యపోయాడు. ముప్పై ఏళ్ళుగా ఈ కారు ఉన్నా ఆ అవసరమే రాలేదట, ఇక్కడ ఎండేదీ! వెంటనే జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. నిజంగా రాసుకున్నాడ్రా, "తడి తువ్వాలు" అని. మ్యూజియంలో ఏ బోర్డు మీదా లేని ముక్క అది, మావయ్య బతికుంటే ఎంత నవ్వేవాడో.

ఈలోగా మీ చెల్లెలు ఆయనకి పేపర్ ప్లేటులో పులిహోర పెట్టింది. మిరపకాయ తీసి పక్కన పెట్టండి అని చెప్పేలోపే కొరికేశాడు, ఫ్లాస్కులో టీ అంతా అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆయన కారుకి ముందు అద్దం చుట్టూ రబ్బరు బీడింగు పగిలిపోయింది, వానకి నీళ్ళు కాళ్ళ మీద కారుతున్నాయట. ఇక్కడ దొరకడం కష్టం, ఇండియాలో అంబాసిడర్ది అయితే సరిపోవచ్చంటున్నాడు. నేను గొప్పగా "మా బావ ఉన్నాడు, చూస్తాడు" అని మాటిచ్చేశాను. తిట్టుకోకు. నువ్వు రేపు షెడ్డుకెళ్ళి మావయ్య కారు ముందు అద్దం చుట్టుకొలత టేపుతో కొలువు, మూలల దగ్గర వంపు ఎలా ఉందో దగ్గరగా ఫోటో తియ్యి, రబ్బరు మందం కూడా చూడు. తర్వాత విజయవాడ వెళ్ళే పని పడితే ఆటోనగర్‌లో ఆ పాత అంబాసిడర్ సామాన్ల కొట్టు ఇంకా ఉందేమో అడుగు, రెండు సెట్లు తీసుకో. ఒకటి ఆయనకి, రెండోది మనకి. డబ్బులు నేను వేస్తా.

ఇనుము వాడికి ఏమీ చెప్పకు, లేదా సంక్రాంతికి నేనొస్తున్నానని చెప్పు. అప్పటిదాకా పాక మీద ఒక టార్పాలిన్ వెయ్యి, బ్యాటరీ ఎటూ పోయి ఉంటుంది, తీసి బయట పెట్టు. బానెట్ కిందకి ఎలకలు చేరాయేమో చూడు, చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టు.

అత్తయ్యని అడిగానని చెప్పు. కొలత మాత్రం అంగుళాల్లో పంపు, పెద్దాయనకి సెంటీమీటర్లు పడవట.

నీ
బావ