లారీ లేని ఫిరంగి

బరంపురం

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. "బయటిదేశం బండి చౌగ్గా, బాగా దొరుకుతుంటే మన బళ్ళ కంపెనీ ఉంటే ఏటి, మూతపడితే ఏటి? సైనికుడు కారెక్కి యుద్ధం చేస్తాడా?" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. మొదటి ప్రశ్నకి జవాబు పొడుగు. రెండోది సులువు కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

గోపాల్‌పూర్ పక్కన గోలబంధలో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది కదా. విమానాల మీద పేల్చే ఎల్-70 ఫిరంగి తనంతట తాను ఊరు దాటదు. నాలుగు చక్రాల మీద కూర్చున్న సుమారు అయిదు టన్నుల ఇనుము అది. లారీ వెనక తగిలిస్తేనే కదుల్తుంది. గుండ్లు, జనరేటరు, మనుషులు, వాళ్ళ బియ్యం, పప్పు కూడా లారీల్లోనే. దారిలో క్లచ్ ప్లేటు కాలిపోయి లారీ నిలబడిపోతే ఫిరంగీ అక్కడే నిలబడిపోతుంది. 2025 మార్చిలో మన రక్షణ శాఖ 155 మిల్లీమీటర్ల గొట్టం ఉన్న, బండి లాగితే కదిలే ఏటాగ్స్ ఫిరంగులు 307 కొనడానికి సంతకం చేసింది. వాటితోపాటు లాగే బళ్ళు ఎన్ని అడిగిందో తెలుసా? 327. ఫిరంగులకన్నా బళ్ళే ఎక్కువ.

ఆ ఫిరంగులు చేస్తున్నదెవరో చూడు. పెద్ద వాటా పుణె భారత్ ఫోర్జ్‌ది, మిగతాది టాటా వాళ్ళది. భారత్ ఫోర్జ్ అసలు పని లారీలకి, కార్లకి క్రాంక్‌షాఫ్టులు (ఇంజిన్‌లో తిరిగే వంపుల ఇరుసులు), యాక్సిల్ బీములు కొట్టడం. ఉక్కు దిమ్మని 1,200 డిగ్రీల దాకా ఎర్రగా కాల్చి, అచ్చుల మధ్య పెట్టి ప్రెస్సుతో నొక్కుతారు. అలా నొక్కినప్పుడు ఉక్కు లోపలి పోగులు క్రాంకు వంపుల వెంబడే వంగుతాయి. అదే ఆకారాన్ని కడ్డీలోంచి చెక్కి తీశావనుకో, పోగులు మధ్యలో తెగిపోతాయి. కొన్ని లక్షల తిప్పుళ్ళు తిరిగాక వంపు మూల దగ్గర సన్న పగులు పుడుతుంది, ఆ తరవాత షాఫ్టు రెండు ముక్కలు. కాబట్టి కొట్టాక మళ్ళీ వేడి చేసి చల్లార్చి, ఇనుప పొడి చల్లి అయస్కాంతం పెట్టి, కంటికి కనపడని పగుళ్ళు ఉన్నాయేమో చూస్తారు. ఎంత వేడి, ఎంత దెబ్బ, ఏ అచ్చు ఎప్పుడు అరుగుతుంది అన్న లెక్కలు ఏ పుస్తకం చదివినా వంటబట్టవు. రోజూ వేల ముక్కలు కొడితేనే చేతికొస్తాయి. ఫిరంగి బ్రీచ్‌కి, అంటే గుండు పెట్టి మూసే వెనక భాగానికి, కావలసింది ఆ చేతి నేర్పే. మీ రాయగడ పక్క తేరుబలిలో చేసే ఫెర్రోక్రోమ్ (ఇనుము, క్రోమియం కలిసిన లోహం) లాంటివి కలిపిన గట్టి ఉక్కులే రెండు చోట్లా పనికొస్తాయి.

అసలు కిటుకు ఇక్కడుందిరా. 307 ఫిరంగుల ఆర్డరు మీద ఆ ప్రెస్సు బతకదు. 2024-25లో దేశంలో తొమ్మిదిన్నర లక్షలకి పైగా లారీలు, బస్సులు, చిన్న సరుకు బళ్ళు అమ్ముడయ్యాయి. కొలిమి చల్లారకుండా చూస్తున్నది ఆ అమ్మకాలే. సైన్యం ఆర్డరు వానాకాలపు గెడ్డలాంటిది, ఒక ఏడు పొంగుతుంది, మూడేళ్ళు ఎండిపోతుంది. ఆ మూడేళ్ళూ పనివాళ్ళకి జీతాలిచ్చేది మామూలు లారీ కొనేవాడు.

యుద్ధం వస్తే అప్పుడే నేర్చుకుందాం అంటే కుదరదు. అమెరికా సంగతే తీసుకో. 1942 ఫిబ్రవరిలో అక్కడ జనం వాడే కార్ల తయారీ ఆపేశారు. ఫోర్డ్ కంపెనీ మిషిగన్‌లోని విల్లో రన్‌లో బి-24 బాంబర్లు చెయ్యడానికి పెద్ద కర్మాగారం కట్టింది. కార్లు చేయడంలో ఆరితేరినవాళ్ళు, అయినా మొదట్లో విమానాలు బయటికి రాలేదు. కారు పద్ధతిలో ఖరీదైన ఉక్కు అచ్చులు ముందే పోసుకుని కూర్చుంటారు. విమానానికేమో వైమానిక దళం మాటిమాటికీ మార్పులు చెప్పేది, అచ్చులన్నీ మళ్ళీ మొదటికొచ్చేవి. పనివాళ్ళు ఉండటానికి దగ్గర్లో చాలినన్ని ఇళ్ళు కూడా లేవు. గంటకి ఒక విమానం అన్న స్థాయి 1944లో గానీ అందలేదు. మొత్తం 8,685 చేశారు. అంత పట్టున్న వాళ్ళకే రెండేళ్ళు పట్టింది. ఏమీ లేని దేశానికి రెండేళ్ళ గడువు ఎవరిస్తారు?

ఇక మన ఛత్రపురం సంగతి. నాకు బాగా బాధ కలిగించేది ఇదే. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ వాళ్ళ ఇసుక ప్లాంటు ఉన్న ఆ ఒడ్డున గుప్పెడు ఇసుక అరచేతిలో పరిచి ఎండలో చూడు. నల్లగా మెరిసేవి ఇల్మనైటు గింజలు. ఎర్రటివి గార్నెట్. వాటి మధ్య అక్కడక్కడ తేనె రంగులో కనపడే సన్న గింజ మోనజైటు. మోటార్లలో పెట్టే గట్టి అయస్కాంతాలకి కావలసిన నియోడిమియం అనే అరుదైన లోహం ఉన్నది అందులోనే. దాన్ని కాస్టిక్ సోడాలో ఉడికించి, ఫాస్ఫేటు విడదీసి, థోరియం పక్కకి తీసి, మిగిలినదాన్ని క్లోరైడు చేసి కేరళలో ఆలువాకి పంపిస్తారు. అక్కడ మూలకాల్ని విడివిడిగా ఆక్సైడులుగా తీస్తారు.

అంతవరకు మనకి వచ్చు. ఆక్సైడుని అయస్కాంతం చెయ్యడమే కష్టం. ముందు దాన్ని లోహం చెయ్యాలి. నూటికి అరుదైన లోహం దాదాపు 30 పాళ్ళు, బోరాన్ ఒక పాలు, మిగతాది ఇనుము కలిపి కరిగించాలి. హైడ్రోజన్ పట్టించి చితక్కొట్టి, మూడు నుంచి అయిదు మైక్రాన్ల పొడి చెయ్యాలి. ఆ పొడికి గాలి తగిలితే భగ్గుమంటుంది, అంటుకోకపోయినా ఆక్సిజన్ పట్టి అయస్కాంతం బలహీనపడుతుంది. గాలి తగలకుండానే అయస్కాంత క్షేత్రంలో పెట్టి నొక్కి, గింజలన్నీ ఒకే దిక్కు తిరిగేలా చూడాలి. తరవాత గాలి లేని కొలిమిలో 1,050 డిగ్రీల దగ్గర కాల్చాలి. కోసి, అరగదీసి, నికెల్ పూత పూయాలి. పూత లేకపోతే తుప్పు పట్టి పిండిగా రాలిపోతుంది. మోటారు వేడెక్కినా బలం తగ్గకుండా కొంచెం డిస్ప్రోసియం కలపాలి. మన మోనజైటులో అది తీయగలిగినంత లేదు.

2025 ఏప్రిల్ 4న చైనా ఏడు రకాల అరుదైన మూలకాల ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది. మేలో షికాగోలో ఫోర్డ్ కర్మాగారం ఒకటి వారం రోజులు మూతపడింది. కారుకి కావలసినవి వేల భాగాలు. స్టీరింగు మోటారులో వేలెడు అయస్కాంతం ఒక్కటి రాకపోతే మిగతావన్నీ ఉన్నా లైను ఆగిపోతుంది. క్షిపణి రెక్క తిప్పే మోటారుకీ అదే గతి.

మనకీ ఒకటుంది, విశాఖలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ఆవరణలో. సమేరియం-కోబాల్టు అయస్కాంతాల ప్లాంటు, 2023 మేలో జాతికి అంకితం చేశారు. 300 డిగ్రీల వేడికీ తట్టుకునే రకం. దాని తయారీ సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. సైన్యం అవసరాలకి అది మంచి ఆరంభం. కానీ ఒక్కో విద్యుత్ కారు మోటారుకే ఒకటి రెండు కిలోల అయస్కాంతం కావాలి, నువ్వే లెక్క వేసుకో. 2025 నవంబరులో కేంద్రం ఏడాదికి 6,000 టన్నుల తయారీ లక్ష్యంగా 7,280 కోట్ల పథకం ఒప్పుకుంది. ఆ 6,000 టన్నులు కొనేదెవరు? క్షిపణులకి అంత అక్కర్లేదు. కార్లు, స్కూటర్లు, ఆటోలు, గాలిమరలు కొనాలి. కొనే బళ్ళ కంపెనీ దేశంలో లేకపోతే అయస్కాంతం కర్మాగారం నిలవదు, అది నిలవకపోతే క్షిపణికి పరాయివాడి దయే గతి.

జపాన్‌కి ఈ ఇసుక లేదు, కారు కంపెనీలున్నాయి. 2010లో చైనా వాళ్ళకి సరఫరా బిగించగానే ఊరికే కూర్చోలేదు. 2012లో మనతో ఒప్పందం చేసుకున్నారు. టొయోటా గ్రూపు వర్తక సంస్థ అచ్యుతాపురంలో ప్లాంటు పెట్టి, మన సరుకు శుద్ధి చేసి పట్టుకెళ్ళింది. వాళ్ళని తప్పుపట్టను. కొనేవాడి అవసరం వాళ్ళ దగ్గరుంది, మనం ఇసుక దగ్గర ఆగిపోయాం.

అలాగని తలుపులన్నీ మూసేసి మనవాళ్ళని కాపాడమని నేననను. అంబాసిడర్‌ని చూశాం కదా. పోటీ లేక 1950ల చివర్లో పుట్టిన ఆకారంతోనే 2014 దాకా వచ్చింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది, విడిభాగాలు ఏటేటా ఇంకా ఎక్కువగా ఇక్కడే చేయించాలన్న షరతుతో. అదే గట్టి పని చేసింది. సీటు, రేడియేటరు, బ్రేకు డ్రమ్ము చేసే చిన్న కంపెనీలు దాంతో పుట్టాయి. డిజైన్ జపాన్‌దే అయినా మన సైన్యం మారుతి జిప్సీ జీపుని కొండల్లో దశాబ్దాలు నడపగలిగింది, భాగాలు ఇక్కడే దొరికాయి కాబట్టి. బండి ముందు ఏ దేశం పేరుందో నాకనవసరం. డ్రాయింగులు ఎవరి చేతిలో ఉన్నాయి, పగిలిన గేరు ఎన్నాళ్ళకి వస్తుంది, ఇంజిన్‌ని సియాచెన్ చలికి మార్చుకునే హక్కు మనకుందా, ఈ మూడూ అడుగుతాను.

ఇంకోటి మర్చిపోయాను. 2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది కదా. ఆ తరవాత కరెంటు స్తంభాలు, తాగునీళ్ళు, బియ్యం వచ్చింది లారీల మీదే. శ్రీకాకుళం నుంచి భువనేశ్వర్ దాకా హైవే పక్కన ఏ షెడ్డులోనైనా టాటా, లేలాండ్ కమాను పట్టీ దొరుకుతుంది, విరిగింది విప్పి రాత్రికి రాత్రి వేసే మేస్త్రీ దొరుకుతాడు. రక్షణ బడ్జెట్‌లో ఆ మేస్త్రీ ఖాతా ఉండదు.

దసరాకి రాయగడ నుంచి వస్తానన్నావు కదా, పాత హార్డ్ డిస్కులోంచి అయస్కాంతం ఒకటి ఊడదీసి పట్టుకురా. ఛత్రపురం ఒడ్డుకి వెళ్దాం. ఇసుక మీద పెడితే నల్ల గింజలు అంటుకుని లేస్తాయి, తేనె గింజలు అంత తేలిగ్గా అంటుకోవు. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ నేస్తం