గ్యాస్ ప్లాంటుకు ముందు తడి చెత్త సంగతి చూడండి

సంపాదకులకు నమస్కారం.

జీవవాయు (బయోగ్యాస్) ప్లాంట్లతో ప్రకాశం జిల్లా దశ తిరుగుతుందంటూ గత వారం మీరు ప్రచురించిన కథనం చదివాను. దివాకరపల్లిలో 2025 ఏప్రిల్ 2న అలాంటి ప్లాంటుకు శంకుస్థాపన జరిగినప్పుడు మా ప్రాంతమంతా సంతోషించింది. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి దాని నుంచి గ్యాస్ తీస్తామని, రాష్ట్రంలో 65 వేల కోట్ల రూపాయలతో ఇలాంటివి 500 ప్లాంట్లు వస్తాయని చెప్పారు. అయితే ఆ గడ్డికి నీళ్లు ఎక్కడివన్న ప్రశ్న మీ కథనంలో ఒక్కచోటా కనిపించలేదు. నేపియర్ ఏడాదికి పలు కోతలు ఇచ్చే మాట నిజమే గాని, తడి అందితేనే ఇస్తుంది. 1996లో పునాదిరాయి పడిన వెలిగొండ సాగునీటి ప్రాజెక్టు కోసం దశాబ్దాల తరబడి ఎదురుచూసిన కనిగిరి వాసులు ఆ ప్రశ్న అడగకుండా ఎలా ఉంటారు?

దేశం వాడే సహజవాయువులో దాదాపు సగం దిగుమతి చేసుకుంటున్నాం కనుక ఈ గ్యాస్ అవసరమే, నాకు అందులో సందేహం లేదు. నా బాధంతా, గడ్డి పెంచనవసరం లేకుండానే ఊరూరా దొరికే ముడిసరుకును ఎవరూ పట్టించుకోకపోవడం గురించే. తడి చెత్త గాలి తగలని తొట్టిలో కుళ్లితే వచ్చే వాయువులో సగానికి పైగా మీథేన్ ఉంటుంది. దాన్ని శుద్ధి చేసి ఒత్తిడితో నింపితే వాహనాలు నడిపే ఇంధనమవుతుంది. అదే చెత్త డంపింగ్ యార్డులో కుళ్లినా మీథేనే పుడుతుంది, కాకపోతే నేరుగా ఆకాశంలో కలుస్తుంది. వాతావరణాన్ని వేడెక్కించడంలో అది వందేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువుకు 28 రెట్లు బలమైనది. మా పట్టణంలో ఇంటింటా వేరుచేసి ఇచ్చిన తడి, పొడి చెత్తలను మా కళ్లెదుటే ఒకే ట్రాక్టరులో కలిపి పోస్తున్నారు. అడిగితే సిబ్బంది లేరంటారు, ఫిర్యాదు ఇస్తే తీసుకున్నట్లు రసీదు కూడా ఇవ్వరు. ప్లాస్టిక్, ఇసుక కలిసిన చెత్తతో ఏ గ్యాస్ ప్లాంటైనా ఎన్నాళ్లు నడుస్తుంది?

ఇండోర్‌లో 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్లాంటు రోజుకు 550 టన్నుల తడి చెత్తను వాడుకునేలా కట్టినది. అక్కడ ఇళ్ల దగ్గరే చెత్త వేరవుతుంది కనుకనే అది సాధ్యమైంది. అంత దూరం పోనవసరం లేదు, హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్లో కుళ్లిన కూరగాయలతోనే విద్యుత్తు తీసి చూపించారు. దాన్ని చూసి ప్రతి మార్కెట్ యార్డులోనూ ఒకటి పెట్టాలన్న ఆలోచన మన అధికారులకు ఎందుకు రాదో అర్థం కాదు. కోత యంత్రం వెళ్లాక పొలంలో మిగిలిన వరిగడ్డి కూడా గ్యాస్‌కు పనికొచ్చే ముడిసరుకే, దాన్ని తగలబెట్టడం ఏటా చూస్తూనే ఉన్నాం.

జీవవాయు ప్లాంట్లను ప్రోత్సహించేందుకు కేంద్రం 2018లో సతత్ పథకం ప్రకటించినప్పుడు 2023-24 నాటికి 5,000 ప్లాంట్లు అన్నారు. గడువు ముగిసేసరికి అందులో పదో వంతు కూడా నడవలేదు. ఇప్పుడు వాహనాలకు, ఇళ్లకు గ్యాస్ సరఫరా చేసే నగర గ్యాస్ సంస్థలు తాము అమ్మే గ్యాస్‌లో 2025-26లో 1 శాతం, 2028-29 నాటికి 5 శాతం జీవవాయువు కలపాలన్న నిబంధన పెట్టారు. ముడిసరుకు సేకరణ, గ్యాస్ తీశాక మిగిలే సేంద్రియ ఎరువు అమ్మకం ఈ రెండూ కుదరకపోతే ఈ గడువు కూడా అలాగే జారిపోతుంది.

మీరు తదుపరి కథనం రాసేటప్పుడు దయచేసి పెట్టుబడి అంకెలతో ఆపకండి. జిల్లాలో ఏ పురపాలక సంఘం రోజుకు ఎన్ని టన్నుల తడి చెత్తను విడిగా సేకరిస్తోందో, గడ్డి పంటకు ఏ వనరు నుంచి నీళ్లు ఇస్తారో, ఎరువును ఎవరు ఏ ధరకు కొంటారో అధికారులను అడిగి, వారి జవాబులను యథాతథంగా ప్రచురించండి.

— ఒక పాఠకుడు, కనిగిరి