మీ నాన్నగారి పన్ను, నా గిన్నెలో ద్రవం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చేరింది. కొత్త పన్ను కోసం దవడ ఎముకలో టైటానియం స్క్రూ బిగిస్తామన్నారనీ, "ఇరవై నాలుగు గంటలూ తడిలో నానేదానికి తుప్పు పట్టదా?" అని మీ నాన్నగారు నిన్ను వాయించేస్తున్నారనీ రాశావు. నేను ల్యాబ్‌లో రోజూ కుస్తీ పడుతున్నది ఆ ప్రశ్నతోనే.

ఆయనకి ఇలా చెప్పు. టైటానియానికి తుప్పు పడుతుంది, ఆ పట్టిందే దాన్ని కాపాడుతుంది. గాలి తగలగానే పైన టైటానియం డయాక్సైడ్ పొర కట్టేస్తుంది. మందం కొద్ది నానోమీటర్లే. గీసుకుపోయినా వెంటనే మళ్లీ కడుతుంది. ఎముకకి తగిలేది ఆ పొరే, లోపలి లోహం కాదు. అల్యూమినియం గిన్నెలో చింతపండు పులుసు ఉంచితే మీ అమ్మగారు ఊరుకోరు కదా, ఆ గిన్నె మీదా ఆక్సైడ్ పొర ఉంటుంది, కానీ పులుపుకి కరుగుతుంది. టైటానియం పొర ఒంట్లో ఉప్పుకి లొంగదు. దానికి పడనిది ఫ్లోరైడ్, అదీ ఆమ్లం తోడైనప్పుడు. కాబట్టి ముందుముందు ఎవరైనా పళ్లకి ఫ్లోరైడ్ జెల్ పూస్తామంటే, స్క్రూ ఉందని ఆయన్ని ముందే చెప్పమను.

ఇక నా గోల విను. ఈ పొర ఒంట్లో ఏం చేస్తుందో తెలుసుకోవడానికి ప్రతిసారీ మనిషిని కొయ్యలేం కదా. అందుకని జపాన్‌లో కొకుబో బృందం రక్తంలోని లవణాలతో ఒక ద్రవం తయారుచేసింది. కాల్షియం 2.5 మిల్లీమోలార్, ఫాస్ఫేట్ 1, పీహెచ్ 7.4, వేడి 36.5 డిగ్రీలు. రాసుకుంటే రెండు లైన్లు. చెయ్యబోతే తెలుస్తుంది! లవణాలు ఒకదాని తర్వాత ఒకటి, వరస తప్పకుండా, ముందుది పూర్తిగా కరిగాకే వెయ్యాలి. గాజు గిన్నె పనికిరాదు, దాని గీతల్లోనే అపటైట్, అంటే ఎముకలో ఉండే లాంటి ఖనిజం, మొలుస్తుంది, ప్లాస్టిక్ వాడాలి. చివర్లో పీహెచ్ పెంచే ట్రిస్ అనే పొడి చిటికెడు చిటికెడు వేస్తూ మీటర్ మీంచి కన్ను తిప్పకూడదు. గుప్పెడు పడేశావంటే అక్కడికక్కడ పీహెచ్ ఎగిరి కాల్షియం ఫాస్ఫేట్ తెల్లగా విరుగుతుంది, మొత్తం పారబోసుకోవాలి.

టైటానియం ముక్కని 5 మోలార్ గాఢత ఉన్న కాస్టిక్ సోడా ద్రావణంలో 60 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచి, 600 డిగ్రీల్లో కాల్చి ఈ ద్రవంలో వేస్తే తమాషా చూడాలి. ఉపరితలం మీది సోడియం ద్రవంలోకి జారుకుంటుంది. ఆ చోట్లో హైడ్రాక్సిల్ గుంపులు మిగిలి రుణావేశం వస్తుంది. దానికి ముందు కాల్షియం వచ్చి చేరుతుంది, కాల్షియం పోగయ్యాక ఫాస్ఫేట్ వస్తుంది, రోజుల్లో అపటైట్ పొర కడుతుంది. మైక్రోస్కోప్ కింద గుండ్రటి ముద్దలు ఒకదాన్నొకటి ఒరుసుకుని కనిపిస్తాయి. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు.

కానీ మా వాళ్లు అక్కడితో ఆగరు. అపటైట్ కట్టిందా, "ఎముక పట్టేస్తుంది" అని పేపర్ రాసేస్తారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఏ ట్రీట్‌మెంటూ లేని మామూలు టైటానియం ఇదే ద్రవంలో నాలుగు వారాలున్నా దాదాపు ఏమీ కట్టదు. మరి 1965లో స్వీడన్‌లో బ్రనెమార్క్ అనే డాక్టరు తన తొలి పేషెంటు దవడలో పెట్టింది మామూలు టైటానియం స్క్రూలే కదా! అవి దశాబ్దాల పాటు పనిచేశాయి. ఈ పరీక్షనే నమ్ముకుని ఉంటే వాటిని చెత్తబుట్టలో పడేసేవాళ్లం. ద్రవంలో ప్రోటీన్లు లేవు, కణాలు లేవు. బైకార్బనేట్ రక్తంలో 27 మిల్లీమోలార్ ఉంటే ఇందులో 4.2. ఒంట్లో పెట్టగానే ముందు ప్రోటీన్లు వచ్చి అతుక్కుంటాయి, ఆ తర్వాతే కణాల వంతు. పదార్థాలని వడపోయడానికి ఈ ద్రవం మంచిదే, తీర్పు చెప్పడానికి మాత్రం కాదు. మా గైడ్ దగ్గర ఈ మాటంటే, "ముందు నీ శాంపిళ్లు చూడు" అంటారు.

అన్నట్టు, నాన్నగారు సిగరెట్లు మానేశారా? తుప్పు గురించి అడిగే మనిషి దాని గురించి అడగరేం? పొగ తాగేవాళ్లకి ఈ స్క్రూలు ఊడే ప్రమాదం ఎక్కువ. నేను చెప్పానని చెప్పు, నామీద పడి తిట్టినా పర్లేదు. ఆపరేషన్ ఎప్పుడో ఖాయం కాగానే రాయి.

నీ,
రాంబాబు