సేమియా బ్యాటు

బరంపురం,
ఆదివారం, మధ్యాహ్నం

ప్రియ మిత్రునికి,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటినా జవాబు రాయనందుకు క్షమించు. తప్పంతా నా బద్ధకానిదే. ఇంట్లో అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, మీ అమ్మగారు అడిగిన అప్పడాలు ఈ ఉత్తరంతోనే వస్తున్నాయి. ఇక అసలు సంగతి వినకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది: మన రిటైర్డు బ్యాంకు మేనేజరుగారిని నేను టెన్నిస్‌లో ఒక సెట్టు 6-2తో ఓడించాను.

అవును, ఆయననే. నౌపడ బండిలా నెమ్మదిగా వచ్చే నీ సర్వీసు వలదాటేలోగా కళ్లజోడు తుడుచుకుని తాపీగా తిప్పికొట్టే ఆ మహానుభావుడినే. అయితే గెలిపించింది నా చెయ్యి కాదు, ఒక బ్యాటు. దాని కథ 1977 నాటిది.

వెర్నర్ ఫిషర్ అనే జర్మన్ ఒకాయన ఉండేవాడు. ఆయన వృత్తి తోటల పెంపకం, అయినా బుర్రంతా టెన్నిస్ బ్యాటు మీదనే. మామూలు బ్యాటులో నిలువు తీగలూ అడ్డు తీగలూ ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి కదా. ఆయన నిలువు తీగలను రెండు వరుసలుగా, ముందొకటీ వెనకొకటీ కట్టి, కొన్ని అడ్డు తీగలను వాటి మధ్య అల్లకుండా ఊరికే నిలిపి, ప్లాస్టిక్ గొట్టాలూ టేపూ తగిలించాడు. బంతి తగలగానే నిలువు తీగలన్నీ ఒక్కుమ్మడిగా పక్కకు జరిగి, మళ్లీ విసురుగా స్వస్థానానికి వస్తాయి. ఆ రావడంలో బంతిని బొంగరంలా తిప్పి వదులుతాయి. దానికి స్పెగెటీ (మన సేమియా లాంటి ఇటలీ వంటకం) బ్యాటు అని పేరు పడింది. మన క్లబ్బులో మాత్రం సేమియా బ్యాటు అయింది, ఆ పేరు పెట్టింది ఎవరో నువ్వు ఊహించగలవు.

ఆ ఏడాది యూఎస్ ఓపెన్‌లో ప్రపంచ ర్యాంకుల్లో ఎక్కడో 200 దగ్గర ఉన్న అమెరికా ఆటగాడు మైక్ ఫిష్‌బాక్, అలాంటి బ్యాటుతో వచ్చి ఒకనాటి విజేత స్టాన్ స్మిత్‌ను ఇంటికి పంపాడు. పారిస్‌లో జార్జ్ గోవెన్ అదే ఆయుధంతో రొమేనియా ఆటగాడు నస్టాసేను ఓడించాడు. ఇక్కడే నాకు నవ్వాగదు: దెబ్బతిన్న నస్టాసే రోజులు గడవకముందే తానే అలాంటి బ్యాటు పట్టుకుని ఫ్రాన్సులోని ఎక్స్-అన్-ప్రావెన్స్ టోర్నీ ఫైనల్లో అర్జెంటీనా ఆటగాడు గిలెర్మో విలాస్ మీదికి వెళ్లాడు. ఆ సంవత్సరం ఫ్రెంచ్, యూఎస్ టైటిళ్లు రెండూ విలాస్‌వే, మట్టి కోర్టు మీద 53 మ్యాచ్‌లుగా అతనికి ఓటమి లేదు. అలాంటి విలాస్ 6-1, 7-5తో రెండు సెట్లు పోగొట్టుకుని, ఇక ఆడను పొమ్మని బయటికి నడిచాడు. నస్టాసేను చూస్తే నాకు నువ్వే గుర్తొస్తావు. కారణం రాయను, క్యారమ్స్ రోజులు తలచుకో.

సరే, నేను ఊరుకున్నానా? గోపాల్‌పూర్ వెళ్లి జాలరుల దగ్గర గట్టి నైలాన్ దారం తెచ్చాను, కరెంటు తీగల మీది ప్లాస్టిక్ గొట్టాన్ని ముక్కలు కోసి ఒక్కొక్క దారానికి తొడిగాను, పాత బ్యాటు చట్రానికి మూడు రాత్రులు కూర్చుని కట్టాను. వేళ్ల మీద తెగిన గీతలు ఇంకా మానలేదు. మొదటి బంతి తగిలినప్పుడు టంగుమనే చప్పుడే లేదు, దిండును గుద్దినట్టు మెత్తగా వినిపించింది. బంతి మేనేజరుగారి ముందు పడి, ఆయన భుజం దాటి లేచింది. చప్పుడును బట్టి దెబ్బ బలం అంచనా వేసే మనిషి ఆయన, ఆ చెవే పని చెయ్యక అయోమయంలో పడ్డారు. ఒకసారి నా వైపు, ఒకసారి ఆకాశం వైపు చూశారు. ఆ ముఖం నీకు చూపించలేకపోయానన్న దిగులు మాత్రం పోదు.

అయితే నన్ను నిజంగా ఓడించినవాడు మా వీధి నేత తాత. అరవై ఏళ్లు పట్టు మగ్గం మీద కూర్చున్న ఆయన బ్యాటును వెలుతురుకు పట్టి చూసి, "నాయనా, పడుగుంది, పేకుంది, నేత ఏదీ? తడికకైనా అల్లిక ఉంటుందే" అన్నాడు. ఆ మాట విని నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య చెప్పినదీ అదే. అంతవరకు టెన్నిస్ నియమావళిలో బ్యాటు ఎలా ఉండాలో ఒక్క ముక్క కూడా లేదు. స్పెగెటీ బ్యాటును 1977 అక్టోబరులో తాత్కాలికంగా ఆపి, 1978లో శాశ్వతంగా నిషేధించినప్పుడు, తీగలు ఒకదాని మీదుగా ఒకటి, కింద నుంచి ఒకటి అల్లుకుని ఉండాలని, లేదా కలిసేచోట అతుక్కుని ఉండాలని రాసుకున్నారు. లండన్ పెద్దలు రాసిన నియమం మా దేవాంగుల వీధిలో పసిపిల్లవాడికి కూడా తెలిసినదే!

కానీ నాకొక అనుమానం మిగిలింది. 1997లో బ్రెజిల్ ఆటగాడు కుయెర్టెన్ పాలియెస్టర్ తీగలతో ఫ్రెంచ్ టైటిల్ గెలిచాడు కదా. ఆ తీగలు కూడా నున్నగా జారి వెనక్కి విసురుగా వచ్చేవే, తిప్పేది కూడా ఆ జారుడే. అల్లిక ఉంది కాబట్టి అది ధర్మం, లేదు కాబట్టి ఇది అధర్మం. ఈ గీత ఎక్కడ గీశారో నాకు సబబుగానే తోస్తుంది, ఎందుకు సబబో మాత్రం రాత్రంతా ఆలోచించినా

ఆటో వచ్చేసింది. పక్కింటి అబ్బాయి రైలుకు తొందరపడుతున్నాడు, అప్పడాల డబ్బా కూడా అతని చేతికే ఇవ్వాలి. రెండో సెట్టులో టేపు ఊడిపోయి గొట్టాలన్నీ కోర్టంతా చెల్లాచెదరైన సంగతి, దాని తరువాత క్లబ్బు వాళ్లు గోడకు అంటించిన కాగితం సంగతి మరో ఉత్తరంలో

నీ
సేమియా