మథిలి కథ తెలుగులో రావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆదివారం అనుబంధంలో చారిత్రక కథలు వేస్తున్నారు, సంతోషం. కానీ చాలావాటిలో కోటలు, రాజులే. తెల్లదొరల మీద తిరగబడ్డ మామూలు జనం అంటే అల్లూరి మన్యం దగ్గరే ఆగిపోతున్నాం. దాన్ని ఆనుకుని ఉన్న ఒడిశాలోని మా కోరాపుట్, మల్కనగిరి వైపు మన రచయితలు ఎందుకు చూడరు? 1936 ఏప్రిల్ 1 దాకా మేమూ విశాఖపట్నం జిల్లాలోనే ఉన్నాం కదా.

క్విట్ ఇండియా రోజుల్లో, 1942 ఆగస్టు 21న, గిరిజన నాయకుడు లక్ష్మణ్ నాయక్ వెంట గిరిజనులు ఊరేగింపుగా మల్కనగిరి వైపున్న మథిలి పోలీస్ స్టేషన్‌కు వెళ్తే పోలీసులు కాల్పులు జరిపారు. మూడు రోజులకే మా వైపే ఉన్న పాపడహండి ఊళ్ళో మరో 19 మంది బలయ్యారు. మథిలి గొడవలో ఒక ఫారెస్ట్ గార్డు చనిపోయాడు. ఆ హత్యానేరం నాయక్ మీద మోపి 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరి తీశారు.

ఆ గార్డు పేరు జి. రామయ్య. రాసేవాళ్ళు ఈ పేరు దగ్గర ఆగాలని నా కోరిక. గుమాస్తాలుగా, గార్డులుగా, షావుకార్లుగా ఏజెన్సీకి వచ్చిన తెలుగువాళ్ళు ఎందరో. కట్టెల మోపు ఆపి, వదలాలంటే కోడిని ఇమ్మనే గార్డును చూస్తే అడవిలో ఎంత కోపమో, నెల జీతం కోసం ఖాకీ తొడుక్కున్నవాడి ఇంట్లో ఎంత భయమో, రెండూ చూపించగలిగేది కథే. చరిత్ర పుస్తకాలు రామయ్యను ఒక్క వాక్యంలో దాటేస్తాయి. పేదవాడి మీద పేదవాణ్ణే కాపలా పెట్టి దొరలు పాలించారు. మనవాళ్ళు ఖాకీ వైపు ఉన్నారన్న మొహమాటంతో ఆ కథ వదిలెయ్యడం తప్పు. అలాగని నాయక్‌ను దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. సొంతూరు తెంతులిగుమ్మలో పెళ్ళాం బిడ్డలు, ఊరి పెద్దరికం ఉండి కూడా తెగించిన మనిషిగా చూపిస్తే చాలు.

కోరాపుట్ మెడికల్ కాలేజీకి నాయక్ పేరే పెట్టారు. అక్కడ ఓపీ చీటీ కోసం క్యూలో నిలబడే మన తెలుగువాళ్ళలో ఆయనెవరో చెప్పగలిగేవాళ్ళు తక్కువ.

ఆగస్టు 21కి ముందు వచ్చే ఆదివారం సంచికను సరిహద్దు జిల్లాల కథలకు కేటాయించండి. ముందుగా ప్రకటిస్తే రచయితలు ఇక్కడికి వచ్చి, ఆనాటి కుటుంబాల పెద్దలతో మాట్లాడి రాసే వీలుంటుంది. ఒడియా మాటలు, ఇక్కడి జనం మాట్లాడే దేశియా యాస మాటలు తెలుగులో చెప్పడానికి మేం తోడు వస్తాం.

– ఒక పాఠకుడు, జయపురం, కోరాపుట్ జిల్లా, ఒడిశా